నర్సింగు సహాయక శిక్షణ: నర్సింగు విద్యకు పూర్వసోపానము

నర్సింగు సహాయక శిక్షణ యనునది రోగులకును, వృద్ధులకును, స్వశక్తిచే దేహకృత్యములను నిర్వర్తించుకొనజాలని యితరులకును, లైసెన్సు పొందిన నర్సు పర్యవేక్షణమున, స్నానము, భోజనము, వస్త్రధారణము, మలమూత్ర విసర్జనము, లేచుట, కూర్చుండుట, నడచుట మున్నగు నిత్యావసరములందు తోడ్పడగల వ్యక్తులను సిద్ధము చేయు స్వల్పకాలిక వృత్తివిద్య. అనేక దేశములందు ఈ విద్య ఏదో యొక రూపమున నున్నను, అమెరికా సంయుక్త రాష్ట్రములందు దీనికి చట్టము విధించిన గంటల లెక్కయు, రాష్ట్రపరీక్షయు, ప్రభుత్వపు నామపట్టికయు ఏర్పడి, అది నర్సింగు కళాశాలలో చేరగోరువారు ముందుగా ఎక్కు మెట్టుగా ప్రసిద్ధి చెందినది. కావున ఈ వ్యాసమున ఆ దేశపు పద్ధతియే వివరింపబడును. శిక్షణ ముగించి పరీక్షలో ఉత్తీర్ణులైనవారిని అచ్చట సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్లనియు, సంక్షేపముగా సి.ఎన్.ఏ. లనియు పిలుతురు. ఒహాయో రాష్ట్రమున వీరికి చిరకాలము ఎస్.టి.ఎన్.ఏ. అను పేరుండెను; న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రములందు ఎల్.ఎన్.ఏ. అను పేరు కలదు. పేరు మారినను పని యొక్కటే.

ఈ శిక్షణను చిన్న యుద్యోగమునకు తగిన చిన్న చదువుగా నెంచుట లోకమున సామాన్యము. చరిత్రను పరిశీలించినచో ఈ భావము నిలువదు. నేడు సహాయకుల పని యని వేరుచేయబడినదంతయు ఒకప్పుడు నర్సు పనియే. నర్సింగు విద్య ఆసుపత్రి వార్డు నుండి విశ్వవిద్యాలయమునకు తరలిపోయిన క్రమమున, రోగి శరీరమును స్వహస్తములతో కడిగి, తుడిచి, త్రిప్పి పరుండబెట్టు భాగము వెనుకబడి, వేరొక వర్గముచేతికి వచ్చినది. నర్సింగు కళాశాలలో ప్రవేశింపదలచిన విద్యార్థి ముందుగా సహాయక శిక్షణ పొందుటయనగా, ఆ విడివడిన భాగమును మరల తన విద్యకు పునాదిగా చేర్చుకొనుటయే యని మా నిశ్చితాభిప్రాయము.

ఫ్లారెన్సు నైటింగేలు నిధితో 1860 సంవత్సరమున లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రియందు నెలకొల్పబడిన పాఠశాలలో ప్రొబేషనర్లను పేర చేరిన యువతులు ఒక సంవత్సరకాలము వార్డులలోనే పనిచేయుచు, ఆ పని ద్వారముననే విద్య నేర్చిరి. ఆమె రచించిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ అను గ్రంథమునందలి ప్రకరణముల పేర్లను చూచినను ఈ విషయము స్పష్టపడును: గాలి వెలుతురులు, పడకయు పక్కబట్టలును, దేహశుభ్రత, ఆహారము పుచ్చుకొనుట, రోగిని పరిశీలించుట — ఇవియే అందలి ముఖ్యాంశములు, నేటి సహాయక శిక్షణకు పాఠ్యప్రణాళికగా వీనిని యథాతథముగా ఉంచినను తప్పుండదు. నైటింగేలు పద్ధతి ననుసరించి 1873లో అమెరికాయందు న్యూయార్కులోని బెల్వ్యూ ఆసుపత్రిలోను, న్యూ హేవెన్‌లోను, బోస్టన్‌లోని మాసచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలోను పాఠశాలలు వెలసినవి. ఆ సంవత్సరముననే లిండా రిచర్డ్స్ అను నామె బోస్టన్‌లోని వేరొక ఆసుపత్రిలో శిక్షణ ముగించి అమెరికాయందు శిక్షణ పొందిన ప్రథమ నర్సుగా ఖ్యాతి గాంచెను. ఈ పాఠశాలలందెల్ల విద్యార్థినులే ఆసుపత్రికి పనివారు. వారు తెల్లవారుజామున పక్కలు సర్ది, రోగులకు ఒడలు తుడిచి, పథ్యము తినిపించి, రాత్రి జాగరణములు చేసి నర్సులైరి.

ఈ పద్ధతియందు గుణమెంత కలదో దోషమంత కలదు. ఆసుపత్రులు విద్య పేర విద్యార్థినుల శ్రమను దాదాపు ఉచితముగా వాడుకొనుచుండెను. వార్డు పనికి ఆటంకమైనప్పుడెల్ల పాఠము వాయిదా పడుచుండెను. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయమున జరిగిన విచారణ ఫలితముగా, జోసెఫీన్ గోల్డ్‌మార్క్ కార్యదర్శిత్వమున 1923లో వెలువడిన నివేదిక ఈ దోషమును తీవ్రముగా విమర్శించెను. ఆ యేటనే యేల్ విశ్వవిద్యాలయమున ఆనీ గుడ్రిచ్ అధ్యక్షతను స్వతంత్రమైన నర్సింగు విద్యాలయ మేర్పడెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము మిల్‌డ్రెడ్ మాంటాగ్ ప్రతిపాదనపై 1952 నుండి కమ్యూనిటీ కళాశాలలలో రెండేండ్ల నర్సింగు డిగ్రీ ప్రయోగములు ప్రారంభమైనవి. 1953లో కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎలినర్ లాంబర్ట్‌సన్ ఒక నర్సు నాయకత్వమున సహాయకులు కూడ పనిచేయు ‘జట్టు నర్సింగు’ విధానమును ప్రతిపాదించెను. తుదకు 1965లో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ ఒక ప్రకటన వెలువరించుచు, నర్సుల విద్య ఉన్నత విద్యాసంస్థలందే జరుగవలెననియు, సహాయకులకు మాత్రము వృత్తివిద్యాలయములందు స్వల్పకాలికమై తీవ్రమైన ముందస్తు శిక్షణ నీయవలెననియు నిర్ణయించెను. నర్సు చదువు పైకి పోవుట న్యాయమే. ఆ పోకకు మూల్యము నెవరు చెల్లించిరనునది వేరు ప్రశ్న. ఏలయన, సహాయకుల శిక్షణను గూర్చిన ఆ సదుద్దేశము శాసనరూపము దాల్చుటకు ఇంకను ఇరువది రెండేండ్లు పట్టినది.

రెండవ ప్రపంచయుద్ధకాలము ఈ చరిత్రలో నొక విశేషఘట్టము. నర్సులు సైన్యమునకు పోవుటచే దేశములోని ఆసుపత్రులు చిక్కులపాలు కాగా, 1941లో అమెరికన్ రెడ్ క్రాస్ సంస్థ స్వచ్ఛంద నర్సు సహాయక దళమును పునరుద్ధరించి, గృహిణులకును ఉద్యోగినులకును 80 గంటల శిక్షణ నొసగి వార్డులకు పంపెను. వారు జీతము పుచ్చుకొనలేదు. ఎనుబది గంటలు నేర్చిన స్త్రీ, తగిన పర్యవేక్షణ యున్నచో, రోగి కెంత మేలు చేయగలదో ఆ దళము దేశమున కెరుకపరచెను. యుద్ధము ముగిసినంతట ఆ పాఠమును చాలమంది మరచిరి.

1965లో వృద్ధుల, పేదల వైద్యవ్యయమును భరించు మెడికేర్, మెడికెయిడ్ అను ప్రభుత్వ పథకములు ఏర్పడిన పిదప నర్సింగు హోములు త్వరితముగా పెరిగినవి. మన పట్టణములందు ఆ పేరుతో నున్న చిన్న ప్రైవేటు ఆసుపత్రులకును వీనికిని సంబంధము లేదు. ఇవి వార్ధక్యముచేతనో, పక్షవాతముచేతనో, మతిభ్రంశముచేతనో ఇంట నుండజాలనివారు నెలల తరబడి, ఏండ్ల తరబడి నివసించు సంరక్షణాలయములు. ఇందలి పనిలో అధికభాగము ఏ శిక్షణయు లేని సహాయకులచే జరుగుచుండెను. పడకపుండ్లతో, మురికి పక్కలపై, కుర్చీలకు కట్టివేయబడి దినములు గడుపు వృద్ధుల దుఃస్థితి పత్రికల కెక్కెను. ఎల్మా హోల్డర్ అను సంస్కర్త 1975లో నర్సింగు హోముల సంస్కరణకై దేశవ్యాప్తమైన పౌరసంఘమును స్థాపించెను. ఆ సంఘము 1985లో నివాసులనే సమావేశపరచి, మంచి సంరక్షణమనగా మీరేమనుకొందురని యడిగెను. యంత్రములను గాని భవనములను గాని వారు ముందు చెప్పలేదు. తమను తాకి, ఎత్తి, తినిపించు మనుష్యుల నడవడియే ప్రధానమని వారి సమాధానముల సారాంశము. మరుసటి యేట ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అను సలహాసంస్థ నర్సింగు హోములను గూర్చి సమగ్రమైన నివేదిక నిచ్చెను. ఆ రెంటి ఫలితముగా 1987 డిసెంబరు 22వ తేదీన అధ్యక్షుడు రీగన్ సంతకము చేసిన బడ్జెటు శాసనమునందు నర్సింగు హోము సంస్కరణ చట్టము చేరినది. నేటి సి.ఎన్.ఏ. శిక్షణ యావత్తు దాని సంతానమే.

ఈ చట్టము ననుసరించి శిక్షణ 75 గంటలకు తక్కువ కారాదు. అందు 16 గంటలైనను పర్యవేక్షణమున చేసిన ప్రత్యక్షాభ్యాసమై యుండవలెను. నివాసిని తాకుటకు ముందే మరి 16 గంటల బోధన జరుగవలెనని చట్టము విధించుట గమనింపదగినది. ఆ పదునారు గంటలలో చెప్పవలసిన విషయములు ఐదు: మాటాడు పద్ధతి, అంటువ్యాధుల నివారణ, గొంతుకడ్డుపడిన పదార్థమును వెలికి తీయుటతో సహా ఆపత్కాలరక్షణ, నివాసుల స్వావలంబనమును పెంపొందించుట, నివాసుల హక్కులను గౌరవించుట. చేతిపని కంటె ముందు హక్కులను బోధింపవలెననుట ఈ చట్టపు వివేకమునకు ప్రబలనిదర్శనము. 75 గంటలు కనీసపరిమితి మాత్రమే. టెక్సాసులో 100, కాలిఫోర్నియాలో 160 గంటలు ఆవశ్యకములు. 2008లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఈ కనీసమును 120 గంటలకు పెంచవలసినదని సిఫారసు చేసెను గాని, సమాఖ్య చట్టమున నేటికిని 75 గంటలే నిలిచియున్నవి. కాలిఫోర్నియాలో గోళ్ళకు రంగులు దిద్దు వృత్తికి లైసెన్సు కావలెనన్నచో 400 గంటల శిక్షణ యుండవలెనని తెలిసినప్పుడు, ఒక వృద్ధురాలిని క్రింద పడనీయక మంచము నుండి లేవదీయు విద్యకు ఆ దేశము కట్టిన వెల యెంత స్వల్పమో బోధపడును.

శిక్షణయొక్క సారమంతయు చిన్నపనుల సూక్ష్మతలో నున్నది. మొదటి పాఠము చేతులు కడుగుకొనుట. మోచేతుల కంటె వేళ్ళకొనలు క్రిందుగా నుంచి, సబ్బునురుగుతో 20 సెకండ్లకు తక్కువ కాకుండ వేళ్ళ సందులను, గోళ్ళ క్రిందను రుద్ది, తడి చేతితో కొళాయిని ముట్టక కాగితపు తుండుతో దానిని కట్టవలెను. రెండవది గదిలో నడవడి: తలుపు తట్టుట, పేరు చెప్పుకొనుట, చేయబోవు పనిని ముందుగా వివరించుట, తెర లాగుట, వెడలునప్పుడు పిలుపుగంట నివాసి చేతికందునట్లుంచుట. పడకలోనే స్నానము చేయించునప్పుడు కన్నులతో మొదలిడి, సబ్బు వాడక, ముక్కు ప్రక్క నుండి చెవివైపునకు తుడిచి, ఒక కంటికి వాడిన గుడ్డభాగమును రెండవ కంటికి తగిలింపరాదు. ఒక యంగమును కడుగునప్పుడు తక్కిన దేహము కప్పబడియే యుండవలెను. పక్షవాతమున ఒక చేయి పడిపోయినవారికి చొక్కా తొడుగునపుడు బలహీనమైన చేతికి ముందు తొడిగి, విప్పునపుడు బలమైన చేతి నుండి ముందు విప్పవలెను. మంచము నుండి చక్రాల కుర్చీలోనికి మార్చుటకు ముందు చక్రముల బ్రేకులు వేసి, కాళ్ళకు జారని చెప్పులు తొడిగి, నడుమునకు వెడల్పైన పట్టీ బిగించి, దానిని పట్టుకొని లేవదీయవలెనే గాని చంకలక్రింద చేతులు వేసి లాగరాదు. కదలలేనివారిని సామాన్యముగా రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలెను; లేనిచో పిరుదులయొద్దను, మడమలయొద్దను రక్తప్రసారము నిలిచి చర్మము చివికి పడకపుండ్లు పడును.

తినిపించుట అందఱకును తెలిసిన పనివలె తోచును. అందలి నియమములు నేర్చినకొలది దాని లోతు తెలియును. నివాసిని నిటారుగా కూర్చుండబెట్టి, తాను నిలువబడక ఎదురుగా అతని కన్నుల మట్టమున కూర్చుండి, పళ్ళెములో నేమున్నదో చెప్పి, ఏది ముందు కావలెనో అడిగి, చిన్న చెంచాలతో అందించి, మ్రింగినాడని రూఢి చేసికొనిన తరువాతనే రెండవ చెంచా నందింపవలెను. పొలమారినచో ఆహారము ఊపిరితిత్తుల దారి పట్టును. ఈ పాఠమును చెప్పునపుడు విద్యార్థులే యొకరికొకరు రోగులై, ఒకరికొకరు తినిపించి, ఒకరి పండ్లొకరు తోమి అభ్యాసము చేయుదురు. అన్యుని చేతిలోని చెంచాకై నోరు తెరచి కూర్చుండుటలోని పరాధీనత ఎట్టిదో ఈ యభ్యాసము నేర్పినట్లు ఏ గ్రంథమును నేర్పజాలదు. ఇంక నాడిని పూర్తిగా ఒక నిమిషము లెక్కించుట, శ్వాసలను రోగి గుర్తింపకుండ లెక్కించుట, రక్తపు పోటు కొలుచుట, మూత్రమును కొలపాత్రలో పోసి చదునైన చోటనుంచి కంటిమట్టమున చదివి మిల్లీలీటర్లలో వ్రాయుట, కట్టుడు పళ్ళను శుభ్రపరచుట, కీళ్ళను మెల్లగా వంచి సాచుట మొదలగునవి క్రమముగా నేర్పబడును. మందులిచ్చుట, సూదులు వేయుట, గొట్టములు లోనికి చొప్పించుట, రోగస్థితిని నిర్ణయించుట సామాన్యముగా సహాయకుల పరిధిలోనివి కావు. వారు చూచినదానిని చూచినట్లు నర్సునకు నివేదింపవలెను.

ఇట్టి పనులు ప్రాణరక్షకములగుట శాస్త్రముచే నిరూపితము. జపాను దేశమున యొనెయామా ప్రభృతులు 11 నర్సింగు హోములలో రెండేండ్లు పరిశీలన జరిపి, భోజనానంతరము పరులు శ్రద్ధతో నోరు శుభ్రపరచిన వృద్ధులలో నూటికి 11 మందికిని, అట్టి శ్రద్ధ లేనివారిలో నూటికి 19 మందికిని న్యుమోనియా వచ్చినట్లు 2002లో ప్రకటించిరి. పండ్లు తోము కుంచెయే యిచ్చట ఔషధము. మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన బియాట్రిస్ కాలిష్ 2006లో ఆసుపత్రి నర్సులతోను, సహాయకులతోను ముచ్చటించి, ఏ సేవలు తఱచుగా తప్పిపోవుచున్నవో విచారింపగా, నడిపించుట, త్రిప్పి పరుండబెట్టుట, వేళకు తినిపించుట, దేహశుభ్రత వంటివి కూడ బయటపడినవి. ఈ చెప్పినవన్నియు సహాయక శిక్షణలో మొదటి వారములందే నేర్పబడునవి. వర్జీనియా హెండర్సన్, అంతర్జాతీయ నర్సుల సమితి 1960లో ప్రచురించిన తన చిన్న గ్రంథమున, నర్సు చేయవలసిన ప్రాథమిక సేవను 14 అంశములుగా విభజించినది. శ్వాస, ఆహారము, విసర్జనము, కదలిక, నిద్ర, వస్త్రము, దేహోష్ణము, శుభ్రత — ఇట్లు అందు ముందుగా వచ్చునవన్నియు సహాయకుల దినచర్యయే.

పరీక్ష రెండు భాగములు: వ్రాతపరీక్ష యొకటి, చేతిపనిని చూపు పరీక్ష రెండవది. వ్రాయజాలనివారు ప్రశ్నలను విని సమాధానము లీయవచ్చును. పలు రాష్ట్రములందు వ్యవహారమున నున్న పద్ధతిలో పరీక్షకురాలి యెదుట ఐదు పనులు చేసి చూపవలెను. చేతులు కడుగుకొనుట అందు తప్పక యుండును, తక్కిన నాలుగును ఏవి వచ్చునో ముందుగా తెలియదు. అభ్యర్థి లెక్కించిన నాడి పరీక్షకురాలి లెక్కకు నాలుగు కొట్టుకొనుటలకు మించి భేదింపరాదు. శ్వాసల లెక్కలో రెంటికి మించిన భేదము పనికిరాదు. ప్రతి పనియందును కొన్ని మెట్లు అత్యావశ్యకములుగా గుర్తింపబడియుండును; కుర్చీ బ్రేకులు వేయుట మరచినవారు తక్కినదంతయు చక్కగా చేసినను ఆ పనిలో తప్పుదురు. చట్టము కనీసము మూడు పర్యాయములు పరీక్షకు కూర్చుండనిచ్చును. ఉత్తీర్ణుల పేర్లు రాష్ట్రపు నామపట్టికలో చేరును. ఎవరైన నివాసిని హింసించినట్లో, అశ్రద్ధ చేసినట్లో, వారి సొమ్ము హరించినట్లో ధ్రువపడినచో ఆ విషయమును అందు నమోదగును. వరుసగా 24 నెలలు వేతనము పొందుచు సేవచేయని సహాయకులు మరల శిక్షణయో పరీక్షయో పొందవలెను.

నర్సింగు హోమున పనిచేయుచున్నవారి నుండి గాని, పని యిత్తుమని మాట పొందినవారి నుండి గాని శిక్షణకు రుసుము వసూలు చేయరాదని చట్టము. కమ్యూనిటీ కళాశాలలందు రుసుము చెల్లించి చదువువారు ధ్రువీకరణము పొందిన 12 నెలలలోపల నర్సింగు హోమున చేరినచో ఆ రుసుము తిరిగి రాబట్టుకొను మార్గము కలదు. ఈ సంగతి తెలియక నష్టపడువారు కలరు గనుక ఇచ్చట ప్రత్యేకముగా చెప్పవలసివచ్చినది. బోధించువారిలో ప్రధానురాలు కనీసము రెండేండ్లు నర్సుగా పనిచేసి, అందొక యేడైనను దీర్ఘకాల సంరక్షణాలయమున గడిపిన రిజిస్టర్డు నర్సై యుండవలెను.

నర్సింగు కళాశాలలలో ప్రవేశము అమెరికాయందు సులభము కాదు. బోధకుల కొరతచేతను, ఆసుపత్రులలో అభ్యాసస్థానములు చాలమిచేతను, 2021లో నాలుగేండ్ల డిగ్రీకిని, ఆ పై చదువులకును వచ్చిన అర్హమైన దరఖాస్తులలో 91,938 తిరస్కరింపబడినట్లు అమెరికన్ నర్సింగు కళాశాలల సంఘము ప్రకటించెను. శరీరనిర్మాణశాస్త్రము, సూక్ష్మజీవశాస్త్రము మున్నగువానిలో మంచి మార్కులు పొందిన విద్యార్థులనేకులు ఒకే స్థానమునకు పోటీపడునపుడు, కొన్ని కళాశాలలు సహాయక ధ్రువీకరణమునకు ప్రవేశగణనమున అదనపు విలువ నిచ్చుచున్నవి. మరికొన్ని అది లేనివారిని చేర్చుకొననే చేర్చుకొనవు. నార్త్ కరొలైనాలోని పలు కమ్యూనిటీ కళాశాలలు నర్సు సహాయక పట్టికలో పేరుండుటను ప్రవేశనియమముగా నుంచినవి. ఇట్టి నియమము వలన రెండు ప్రయోజనములు సిద్ధించును. మొదటిది, మలమూత్రములను, పుండ్లను, మరణమును కన్నులార చూచి, ఈ వృత్తి తన మనస్సునకు సరిపడునో లేదో విద్యార్థి రెండేండ్లో నాలుగేండ్లో వ్యయపరచుటకు ముందే తెలిసికొనును. రెండవది, మొదటి సెమిస్టరులో తోడివారు రక్తపు పోటు కొలుచుటకే తడబడుచుండగా, అనుభవము కలవారి దృష్టి రోగి ముఖముపై నిలుచును.

ఐనను ఈ మెట్టు ఎక్కినంతమాత్రమున నర్సగుట సగము పూర్తియైనదని తలచుట పొరపాటు. సహాయకుడు విధించిన పనిని విధించిన విధమున చేయును. నర్సు ఆ పని ఇప్పుడు ఈ రోగికి తగునా యని నిర్ణయింపవలెను. నాడి 118 అని చూచి వ్రాయుట మొదటివాని ధర్మము. అది జ్వరము వలననా, రక్తస్రావము వలననా, నొప్పి వలననా యని విచారించుట రెండవవాని ధర్మము. నర్సింగు పట్టా పొందినవారు లైసెన్సుకై వ్రాయవలసిన ఎన్‌క్లెక్స్ పరీక్ష ఈ విచారణశక్తినే కొలుచును; 2023 ఏప్రిల్ నుండి దాని ప్రశ్నలు మరింతగా ఆ దిశకే త్రిప్పబడినవి. పెక్కుమంది రోగులు, తక్కువమంది సహాయకులుగల చోట్ల అలవడిన అడ్డదారులు విద్యార్థితో కళాశాలకు వచ్చుటయు కలదు. వానిని మాన్పించుట క్రొత్తగా నేర్పుటకంటె కష్టమని బోధకులు చెప్పుమాట అసత్యము కాదు. అందులకు మందు శిక్షణను మానుట కాదు, మంచి చోట శిక్షణ పొందుట. పనిని అప్పగించు కళను మాత్రము పూర్వము సహాయకుడైన నర్సు తక్కినవారికంటె త్వరగా గ్రహించును. ఏ పనిని, ఏ స్థితిలో, ఎవరికి, ఏ మాటలతో, ఎంత పర్యవేక్షణతో అప్పగింపవలెనను నియమములు పుస్తకములందున్నవి. ఒకే జాములో పండ్రెండుగురికి స్నానములు చేయించిన అలసట ఎట్టిదో పుస్తకములందు లేదు.

ఆ అలసటను దాచుట న్యాయము కాదు. అమెరికాయందు సుమారు 14 లక్షల మంది నర్సింగు సహాయకులు కలరు. పదింట సుమారు తొమ్మిది వంతులు స్త్రీలు. మనుష్యులను ఎత్తుటచే నడుము పట్టుట, భుజములు దెబ్బతినుట వీరిలో విశేషముగా కానవచ్చును. పనిలో గాయపడువారి లెక్కలయందు ఈ వృత్తి యెల్లప్పుడు ముందువరుసనే యుండును. జీతములు బాధ్యతకు తగినవి కావు. 2024లో సమాఖ్య ప్రభుత్వము నర్సింగు హోములలో ఒక్కొక్క నివాసికి దినమునకు సగటున 2.45 గంటల సహాయకసేవ యుండవలెనని నియమము చేయగా, యజమానుల సంఘములు వ్యాజ్యము వేసెను. 2025లో టెక్సాసులోని సమాఖ్య న్యాయస్థాన మా నియమమును కొట్టివేసెను. సహాయకులుగా కొంతకాలము పనిచేసి నర్సులైనవారు ఇట్టి వివాదములందు ఏ పక్షమున నిలుతురో ఊహింపవచ్చును.

తెలుగు దేశమున ఈ మెట్టు లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములందు ఏ.ఎన్.ఎమ్., జి.ఎన్.ఎమ్., బి.యస్‌సి. నర్సింగు అను మూడు విద్యలు భారత నర్సింగు కౌన్సిలు నియమములతో నడచుచున్నవి; వీనిలో దేనికిని సహాయక శిక్షణ పూర్వార్హత కాదు. రెండేండ్లు చదివిన ఏ.ఎన్.ఎమ్. ఉపకేంద్రమునందు టీకాలు వేసి, గర్భిణులను చూచుకొను కార్యకర్త. ఆమెను అమెరికా సహాయకునితో పోల్చరాదు. మన ఆసుపత్రులందు రోగికి అన్నము పెట్టుట, బెడ్ పాన్ అందించుట, ఒడలు తుడుచుట సామాన్యముగా వెంటవచ్చిన బంధువుల పని. కొంత ఆయాల, వార్డుబాయిల పని. రాత్రియంతయు మంచము ప్రక్కన నేలపై పరుండి లేచు కూతురో కోడలో చేయు సేవకు ప్రేమ నిండుగా నున్నను, పడిపోయిన చేతిని ఎట్లు పట్టుకొనవలెనో, పరుండియున్నవానికి నీరు త్రాగించుట యెంత ప్రమాదమో ఆమెకు చెప్పువారుండరు. ఇటీవల నైపుణ్యశిక్షణ పథకములలో జనరల్ డ్యూటీ అసిస్టెంటు అను పేర ఒక విద్య ప్రవేశపెట్టబడినది గాని, నర్సింగు కళాశాలలకును దానికిని సంబంధము కల్పింపబడలేదు. కల్పించినచో ఉభయులకును లాభము కలుగునని మా విశ్వాసము.

అమెరికా పోవు తెలుగు నర్సులకు, తమ పట్టా మూల్యనిర్ణయము పొంది ఎన్‌క్లెక్స్ వ్రాయుటకు, సహాయక ధ్రువీకరణము అవసరము లేదు; లైసెన్సు చేతికి వచ్చువరకు జరుగు కాలమున, పనిచేయు అనుమతి కలవారు కొందరు దానిని పొంది జీవిక గడుపుదురు. అచ్చట స్థిరపడిన కుటుంబముల పిల్లలు ఉన్నత పాఠశాలలోనే వృత్తివిద్యగా దీనిని అభ్యసించు వీలు కొన్ని రాష్ట్రములందు కలదు. విద్యార్థి వీసాపై పోయినవారి విషయము భిన్నము. శిక్షణ పొందుటకును, పరీక్ష వ్రాయుటకును వారికి సామాన్యముగా అడ్డు లేకున్నను, ప్రభుత్వానుమతి లేనిదే కళాశాలా ప్రాంగణమునకు వెలుపల వేతనము పుచ్చుకొని పనిచేయరాదు. పట్టికలోని పేరు నిలుచుటకు వేతనసేవయే ఆధారము గనుక, అట్టివారు నర్సింగు కళాశాలలో ప్రవేశమునకు దరఖాస్తు పెట్టుకొను కాలమును ముందుగా లెక్కించుకొని, ఆ 24 నెలలలో అది ఇమిడియుండునట్లు శిక్షణకు చేరవలెను.